పాత పేటలో ఇల్లు కొనడం

నుంగంబాకం నుంచి సైదాపేట వైపు ఒకప్పుడు ఒక పొడుగాటి చెరువు ఉండేది. ఆంగ్లేయులు దానిని లాంగ్ టాంక్ అన్నారు. మద్రాసు నగరం పడమటికి పెరుగుతూ వచ్చి ఆ చెరువు గట్టున ఆగింది. 1911లో మాంబలం రైలు స్టేషను వచ్చినది. 1920లో పట్టణ ప్రణాళికా చట్టం వచ్చినది. ఆ దశకంలోనే చెరువులో మాంబలం వైపు భాగాన్ని ఎండగట్టి, వీథులు గీసి, స్థలాలు విభజించి ఒక కొత్త పేటను నిర్మించారు. అదే త్యాగరాయనగరం. వాడుకలో టీ.నగర్.

ఆ పేట పేర్లలోనే తెలుగువారి చరిత్ర కొంత ఉన్నది. మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా పనిచేసి 1925లో కీర్తిశేషులైన పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు పేటకు పెట్టారు. నడుమనున్న ఉద్యానానికి, 1921 నుంచి 1926 వరకు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న పానగల్లు రాజా రామరాయణింగారి పేరు పెట్టారు. ఆ పార్కు నుంచి చక్రపు ఆకుల వలె రోడ్లు బయలుదేరుతాయి. జి.ఎన్.చెట్టి రోడ్డులో చిత్తూరు నాగయ్యగారు నెలకొల్పిన వాణీమహలు ఉన్నది. బజుల్లా రోడ్డులో నందమూరి తారకరామారావుగారు నివసించారు. తెలుగు చలనచిత్రాలు మద్రాసులో తయారైన కాలంలో నటులు, రచయితలు, సంగీతజ్ఞులు ఎందరో ఈ వీథులలో ఇళ్లు కట్టుకొన్నారు, అద్దెకు ఉన్నారు. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినది. ఇళ్లు కొన్ని మిగిలినవి. వాటి వారసులు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నారు, బెంగుళూరులో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు.

అందుచేతనే అవి అమ్మకానికి వస్తున్నవి. ఇటువంటి పాత పేటలో ఇల్లుగాని, ఫ్లాటుగాని కొనదలచిన కుటుంబానికి కొన్ని సంగతులు తెలిసి ఉండడం మంచిది. కొత్త కాలనీలో కొనే వ్యవహారానికీ, దీనికీ చాలా తేడా ఉన్నది. కొత్త కాలనీలో కొనుగోలుదారుడు ప్రధానంగా గోడలను కొంటాడు. పాత పేటలో గోడల విలువ అత్యల్పం. అక్కడ మనం కొనేది ఆ గోడల క్రింది నేలను, ఆ నేల వెనుకనున్న కుటుంబ చరిత్రను.

ముందు నేల సంగతి చూద్దాం. చెన్నైలో స్థలాన్ని గ్రౌండ్లలో కొలుస్తారు. ఒక గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులు. ఒక గ్రౌండు స్థలంలో ఉన్న పాత ఇంటిని పడగొట్టి ఆరు ఫ్లాట్లు కట్టినారనుకొందాం. అన్నీ సమానమైతే ఒక్కొక్క ఫ్లాటుకు 400 చదరపు అడుగుల నేల దక్కుతుంది. దీనినే అవిభక్త భూభాగం అంటారు. పత్రంలో ఈ అంకె తప్పక ఉంటుంది. అయినా ఇల్లు చూడబోయినవారు చలువరాతి నేలను, వంటింటి అలమరలను పరీక్షించినంత శ్రద్ధగా ఈ అంకెను పరీక్షించరు. చలువరాయి పాతబడుతుంది. కట్టడానికి నలభై ఏళ్లు నిండేసరికి కడ్డీలు తుప్పు పట్టి, పైకప్పు పెచ్చులూడి, మళ్లీ కట్టవలసిన రోజు వస్తుంది. ఆనాడు మన పాలికి మిగిలేది ఆ 400 అడుగులే. రెండు ఫ్లాట్లు ఒకే వెలకు దొరికినప్పుడు, గదులు కొంచెం ఇరుకైనా నేల ఎక్కువగా ఉన్న దానినే ఎంచుకోవలెనని నా అభిప్రాయం. లిఫ్టు ఉన్న మేడకన్న, పది గడపలు గల పాత మూడంతస్తుల కట్టడం చాలాసార్లు మేలైన బేరం.

అయితే పునర్నిర్మాణానికి అందరూ ఒప్పుకోవద్దా అనే ప్రశ్న వస్తుంది. ఒక్కరు కాదన్నా ఏళ్ల తరబడి పని నిలిచిపోవడం చెన్నైలో సర్వసాధారణంగా ఉండేది. 2022 నాటి తమిళనాడు అపార్టుమెంటు యాజమాన్య చట్టం ఈ చిక్కును కొంత సడలించినది. మూడింట రెండు వంతుల యజమానులు సమ్మతిస్తే పునర్నిర్మాణానికి పూనుకొనవచ్చు. కాబట్టి ఫ్లాటు కొనేముందు, తక్కిన యజమానులెవరు, వారి సంఘం రిజిస్టరైనదా, నెలసరి చందాలు సక్రమంగా వసూలవుతున్నవా అని విచారించడం వ్యర్థం కాదు. రేపు మన ఇంటి భవితవ్యాన్ని వారూ మనమూ కలిసి తేల్చవలసి ఉంటుంది.

ఇక పత్రాల సంగతి. దీనిని తాపీగా చెప్పుకోవలె. అమ్మకందారు ఒక విక్రయ పత్రం చూపుతాడు. అది అతనికి ఎవరివల్ల వచ్చినది, వారికి ఎవరివల్ల వచ్చినది అని వెనుకకు నడవవలె. ఆ గొలుసులో ఒక్క కడియం లోపించినా ఆగి అడగవలె. దానితోపాటు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తెప్పించుకోవలె. తమిళులు దీనిని విల్లంగపు పత్రం అంటారు. కనీసం ముప్పై ఏళ్ల కాలానికి తెప్పించడం ఆచారం. పాత పేటలో ఇంకా వెనుకకు పోతే నష్టం లేదు.

ఈ సర్టిఫికెట్టు శుభ్రంగా ఉన్నదంటే ఇక భయం లేదనుకొనేవారున్నారు. అది చెప్పేది రిజిస్టరైన వ్యవహారాలను గురించి మాత్రమే. వీలునామాను రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు. కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించదు. నోటిమాటగా జరిగిన పంపకం కనిపించదు. అసలు పత్రాలను అప్పిచ్చినవాని వద్ద ఉంచి తాకట్టు పెట్టే పద్ధతి ఒకటి ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ పద్ధతిని కలకత్తా, మద్రాసు, బొంబాయి పట్టణాలకు మొదటినుంచీ అనుమతించినది. అందువల్ల అసలు పత్రాలు కంటికి కనిపించేదాకా నకళ్లను నమ్మి బయానా ఇవ్వరాదు. "అసలు పత్రాలు మా అన్నగారి దగ్గర ఉన్నవి, రిజిస్ట్రేషను నాటికి తెస్తాను" అనే మాట విన్నప్పుడు, ఆ అన్నగారిని చూచిన తరువాతనే ముందుకు సాగవలె.

అన్నగారి ప్రసక్తి వచ్చినది కనుక అక్కచెల్లెండ్ర మాట కూడ చెప్పుకోవలె. పాత ఇళ్ల కొనుగోళ్లలో అన్నిటికన్న పెద్ద చిక్కు ఇక్కడనే ఉన్నది. ఒక గృహస్థు 1958లో తన సొంత సంపాదనతో ఇల్లు కట్టించి, వీలునామా వ్రాయకుండా 1985లో కాలం చేశాడనుకొందాం. అప్పటికి ఆయన తల్లి లేదు. భార్య, ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆరుగురికీ సమాన భాగాలు. ఒక్కొక్కరిది ఆరింట ఒక వంతు. తరువాత పెద్ద కుమార్తె మరణించినది. వీలునామా లేకపోతే ఆమె వంతు ఆమె భర్తకు, బిడ్డలకు వెళుతుంది. అటు తరువాత తల్లి మరణించినది. తల్లి వంతులో బ్రతికి ఉన్న నలుగురికీ, పోయిన కుమార్తె బిడ్డలకూ భాగముంటుంది. ఇన్నేళ్లుగా ఇంట్లో ఉంటున్నది ఇద్దరు కుమారులే. పన్ను కడుతున్నది వారే. బేరమాడుతున్నది వారే. కాని హక్కుదారులు ఇద్దరు కారు. లెక్కపెట్టి చూడండి, ఏడుగురో ఎనిమిదిమందో తేలుతారు.

"ఆడపిల్లలకు పెండ్లినాడే ఇచ్చినాము, వారికింక ఏమున్నది" అని అన్నదమ్ములు అంటారు. నిజంగా నమ్మే అంటారు. చట్టం ఆ మాటను గుర్తించదు. హక్కు వదులుకొన్నట్టు వారు వ్రాసి రిజిస్టరు చేసి ఇస్తేనే వదులుకొన్నట్టు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరుగా ఉంటుంది. అందులోను కుమార్తెలకు కుమారులతో సమానమైన జన్మహక్కును 2005 నాటి సవరణ ఇచ్చినది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనక్కర లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది. కనుక అమ్మకందారులను కూర్చోబెట్టి, ఒక కాగితం మీద వారి వంశవృక్షం వ్రాయించడం మంచి పద్ధతి. వారసత్వ ధ్రువపత్రంతో దానిని సరిచూడవలె. విక్రయ పత్రంలో అందరి సంతకాలూ ఉండవలె. ఇందులో మొగమాటానికి చోటు లేదు. సంతకం చేయని చెల్లెలు పదేళ్ల తరువాత కోర్టుకు వస్తే ఆమెది తప్పు కాదు. తన వంతును ఎవరో అమ్ముకొన్నారు. ఆ వంతు వెలను మరెవరో తమ జీవితకాలపు సంపాదనలోనుంచి చెల్లించారు. ఇద్దరూ నష్టపోయినవారే.

వారసులలో ఒకరు విదేశంలో ఉంటే ముక్త్యారునామా పంపుతారు. అది అక్కడి భారత దౌత్య కార్యాలయంలోనో, నోటరీ ఎదుటనో యథావిధిగా ధ్రువపడినది కావలె. ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు సుంకం చెల్లించవలె. ఇచ్చినవారు బ్రతికి ఉన్నంతకాలమే సాధారణంగా అది చెల్లుతుందని కూడ గుర్తుంచుకోవలె. విదేశవాసికి చెల్లించే సొమ్ములో పన్ను మినహాయించే పద్ధతి వేరు, ఆ బాధ్యత కొనుగోలుదారునిది. అసలు విక్రయ పత్రమే లేకుండా కేవలం ముక్త్యారునామాతో ఇల్లు "కొనిపెడతా"మనే దళారులు ఉండేవారు. అటువంటి కాగితంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పినది.

మద్రాసుకు ప్రత్యేకమైన మరొక విచిత్రం కూడ ఉన్నది. నేల ఒకరిది, దానిపై కట్టడం మరొకరిది అయి ఉండవచ్చు. కౌలుకు తీసుకొన్న స్థలంలో కౌలుదారే ఇల్లు కట్టుకోవడం ఇక్కడ పాత అలవాటు. 1921 నాటి మద్రాసు నగర కౌలుదారుల రక్షణ చట్టం అటువంటివారి కోసమే పుట్టినది. కనుక పట్టా ఎవరి పేర ఉన్నదో చూడకుండా, ఇంటి పన్ను రసీదు చూచి తృప్తిపడరాదు.

నీటిని గురించి రెండు మాటలు. చెరువును ఎండగట్టినా నేల వాలు మారలేదు. పడమటి మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు అనే పేరు ఇంకా ఉన్నది. ఇప్పుడు అక్కడ నిలిచి చూస్తే కనిపించేవి ఇళ్లే. మాంబలం కాలువ జి.ఎన్.చెట్టి రోడ్డు ప్రాంతం నుంచి పేటను దాటుకొని అడయారు నదిలోకి పోతుంది. 2015 డిసెంబరులోను, 2021 నవంబరులోను ఈ పేటలో వీథులు మునిగినవి. 2019 వేసవిలో నగరపు జలాశయాలు ఎండి, లారీ నీటికి బిందెలు వరుసకట్టినవి. రెండూ ఒకే ఊరి అనుభవాలు. 2003 నుంచి వాననీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటు ప్రతి కట్టడానికి విధిగా ఉండవలె. ఉన్నదా అని అడిగితే ఉన్నదంటారు. గొట్టం ఎక్కడికి పోతున్నదో చూపించమనవలె. క్రింది అంతస్తు కొనదలచినవారు వానకాలంలో ఒకసారి వెళ్లి చూడవలె. ఆ వీథి మొగలో ఇస్త్రీ బండి పెట్టుకొన్న మనిషిని అడిగితే, నీరు ఏ మెట్టుదాకా వచ్చినదో చూపిస్తాడు. ఆయనకు అమ్ముడుపోవలసిన ఇల్లేదీ లేదు.

ఇన్ని చిక్కులున్నా జనం ఈ పేటనే ఎందుకు కోరుకొంటారంటే కారణం దుర్గ్రాహ్యం కాదు. కాలినడకన రైలు, కాలినడకన సంత. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆలయం, మార్గశిరంలో సభలలో కచేరీలు. పాండీ బజారులో 2019లో వెడల్పైన నడకబాట వేశారు. ముసలివారికి ఇవన్నీ గొప్ప వసతులు. చిన్న సంసారికి మాత్రం బండి నిలుపుకొనే చోటు ముందు చూచుకోమని చెబుతాను. దీపావళి ముందు వారాలలో సొంత వీథిలోకి సొంత బండి రావడం కష్టం.

కట్టడం అనుమతించిన నమూనా ప్రకారమే లేచినదా, బండ్లు నిలపవలసిన చోట గదులు లేచినవా అనేది సరిచూచుకొన్న తరువాత బయానా పత్రం వ్రాసుకోవచ్చు. అంతకుముందే ఒక తమిళ పత్రికలోను ఒక ఆంగ్ల పత్రికలోను బహిరంగ ప్రకటన వేయించడం మంచిది. తెలియని హక్కుదారు ఉంటే అప్పుడే బయటపడతాడు. రిజిస్ట్రేషను నాడు పాత పత్రాల అసలు ప్రతులన్నిటికీ జాబితా వ్రాసి, అమ్మినవారి సంతకం తీసుకొని, సొమ్ము చేతికిచ్చే ముందే వాటిని చేతికి తీసుకోవలె. పట్టా, ఇంటి పన్ను, నీటి పన్ను, విద్యుత్తు ఖాతాల పేర్లు వెంటనే మార్పించుకోవలె. పది సంవత్సరాల క్రిందట చనిపోయినవారి పేర ఇంకా కరెంటు బిల్లులు వస్తున్న ఇళ్లు ఆ పేటలో చాలా ఉన్నవి.