గాజుబుడ్డి సాక్ష్యము

చింతపండు రసమునకును సున్నపుతేటకును గల భేదము నాలుకకు తెలియును. కాని రొయ్యల చెరువులోని నీటి గుణము ఉదయమునుండి సాయంకాలము లోపల ఎంత మారినదో నాలుక చెప్పజాలదు. అందులకొక కొలత కావలెను. 1909లో డెన్మార్కు దేశపు కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు ‘పీహెచ్’ అను కొలమానమును ప్రవేశపెట్టెను. ఇందు 7 తటస్థస్థానము. అంతకు తక్కువైన ఆమ్లము, ఎక్కువైన క్షారము. ఒక్క మెట్టు మారినచో గుణము పదిరెట్లు మారినట్లు. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్, నిమ్మజాతి పండ్ల రసముల పులుపును కొలుచుటకై, గాజు ఎలక్ట్రోడును ఎలక్ట్రానిక్ యంత్రముతో జతపరచి పీహెచ్ మీటరును నిర్మించెను. నేడది చేతిలో ఇమిడెడు పరికరమై భీమవరము, నెల్లూరు ప్రాంతములందలి చెరువుగట్లకు కూడ చేరినది.

మీటరు అంకెలను చూపును. కాని అసలు సాక్షి దాని చివరనున్న గాజుబుడ్డియే. అది నానినపుడు గాజుపై అతి పలుచని తడిపొర ఏర్పడును. బయటి నీటిలోని హైడ్రోజను అయానులనుబట్టి అచట విద్యుత్పీడనము పుట్టును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పీహెచ్ ఒక్క మెట్టు మారిన ఈ పీడనము సుమారు 59 మిల్లీవోల్టులు మారును. పోల్చి చూచుటకు పొటాషియం క్లోరైడు ద్రావణము నింపిన రెండవ ఎలక్ట్రోడు సాధారణముగా అదే గొట్టములో ఉండును. సన్నని రంధ్రములు గల పింగాణి ముక్క ద్వారా ఆ ద్రావణము బయటి నీటిని తాకుచుండును.

ఎలక్ట్రోడు పాతబడిన కొలది ఆ 59 తగ్గిపోవును. అది నూటికి 85 పాళ్లకు దిగినదనుకొందము. 7 వద్ద పీడనము ఇంచుమించు సున్న కనుక అచట తప్పు కనబడదు. కాని నిజముగా 8.7 ఉన్న నీటిని అది సుమారు 8.4గా చూపును. పాతబడిన ఎలక్ట్రోడు ప్రతి అంకెను 7 వైపునకు లాగును. అనగా అపాయమును క్షేమముగా చూపును.

దీని ఫలితము చిన్నది కాదు. రొయ్యల చెరువునకు 7.5 మొదలు 8.5 వరకు అనుకూలమని చెప్పుదురు. పగటి ఎండలో నీటియందలి సూక్ష్మమైన నాచు బొగ్గుపులుసు వాయువును గ్రహించుటచే పీహెచ్ పెరిగి మధ్యాహ్నమునకు హెచ్చుగా నుండును. రాత్రి జీవుల శ్వాసచే ఆ వాయువు మరల చేరి, తెల్లవారునప్పటికి పీహెచ్ తగ్గును. పీహెచ్ పెరిగిన కొలది నీటిలోని అమ్మోనియాలో విషరూపమైన భాగము పెరుగును. 8.4 అని నమ్మి మరికొంత సున్నము చల్లిన రైతు, ఉన్న కష్టమును తానే పెంచుకొనును.

కావున ఒక్క బఫరు ద్రావణముతో సరిచూచుట చాలదు. మొదట 7, పిమ్మట 10 బఫరులో ముంచి మీటరును సరిదిద్దవలెను. కొలువదలచిన నీరు ఈ రెంటి నడుమ నుండవలెను. పుల్లని ద్రవములకైన 7, 4 తగును. 10 బఫరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి చెడును గనుక, వాడినదానిని తిరిగి సీసాలో పోయరాదు.

ఇక ఎన్నిక. చెరువుగట్టున వాడుటకు ప్లాస్టికు తొడుగుతో, లోపల జెల్లు నింపిన రకము సులువు. దానికి పోషణ తక్కువ, ఆయుస్సును తక్కువ. ప్రయోగశాలకు ద్రావణము మరల నింపగల రకము మేలు. నల్లని బురదలో గంధకపు వాయువు పుట్టుచోట రెండు సంధులు గల రకమును కొనవలెను. లేనిచో లోపలి వెండి పాడగును. ఉష్ణోగ్రతనుబట్టి ఆ 59 సంఖ్యయే మారును గనుక, మీటరునకు ఉష్ణమాపకము జోడించి యుండుట మంచిది. వాడకున్నను ఎలక్ట్రోడు పాతబడుచునే యుండును. కావున తయారైన తేదీని చూచి కొనవలెను.

పోషణకు మూడు నియమములు. ఒకటి, బుడ్డిని ఎన్నడును ఎండనీయరాదు. మూతలో పొటాషియం క్లోరైడు ద్రావణము పోసి అందుంచవలెను. స్వేదనజలములో నిలువ ఉంచిన లోపలి లవణము బయటకు పోయి ఎలక్ట్రోడు చెడును; ఆ జలము కడుగుటకు మాత్రమే. రెండు, కడిగిన తరువాత మెత్తని కాగితముతో అద్దవలెనే కాని రుద్దరాదు. మూడు, ద్రావణము నింపు రకమైనచో కొలుచునపుడు పైరంధ్రము తెరచి, లోపలి ద్రావణమట్టము బయటి నీటికంటె ఎత్తుగా ఉండునట్లు చూడవలెను.

చిక్కు వచ్చినపుడు వరుసగా పరీక్షింపుడు. అన్ని బఫరులందును ఒకే అంకె వచ్చినచో బుడ్డి పగిలి యుండవచ్చును. దానికి వైద్యము లేదు. అంకె నిలువక మెల్లగా జారుచుండిన పింగాణి సంధి పూడినదని అనుమానింపవలెను. గోరువెచ్చని పొటాషియం క్లోరైడు ద్రావణములో కొంతసేపు నానబెట్టుడు. ఎండిపోయినదానిని అదే ద్రావణములో రాత్రంతయు ఉంచుడు. బుడ్డిలో గాలిబుడగ ఉన్న జ్వరమాపకమును విదిలించినట్లు క్రిందికి విదిలింపుడు. సున్నపు పొర పట్టిన పలుచని హైడ్రోక్లోరికామ్లములో కొద్ది నిమిషములుంచి, జిడ్డు పట్టిన సబ్బునీటితో కడిగి, తిరిగి నానబెట్టి బఫరులతో సరిచూడుడు. అంకెలు గంతులు వేయుచుండిన తీగ యొక్కయు అతుకు యొక్కయు తడిని తుడిచి చూడుడు. ఇన్ని చేసినను 7, 10 బఫరుల నడుమ భేదము చాలినంత రానిచో, ఆ ఎలక్ట్రోడు పని ముగిసినది. సాధారణముగా దాని ఆయుస్సు ఒకటి మొదలు మూడు సంవత్సరములు.

చెరువులో దిగుమతి చేసిన పిల్లకును, మేతకును, మందునకును పెట్టెడు ఖర్చుతో పోల్చిన, రెండు బఫరు సీసాల వెల స్వల్పము. నీటి గుణమును ఎలక్ట్రోడును అడుగుటకు ముందు, ఎలక్ట్రోడు గుణమును బఫరులను అడుగుట అలవరచుకొనవలెను.