కత్తికి ముందు ఫొటో

ముఖాన్ని స్త్రీ రూపానికి దగ్గర చేసే శస్త్రచికిత్స గురించి ఆలోచించే ట్రాన్స్ మహిళలు చాలామంది ముందుగా చూసుకునేది ఫోన్‌లో మార్చిన తమ ఫొటోనే. అందులో నమ్మదగింది ఎంత? డాక్టరు చేతికి పనికొచ్చేది ఎంత?

ట్రాన్స్ మహిళల ముఖంలోని పురుష లక్షణాలను తగ్గించే శస్త్రచికిత్సలన్నింటినీ కలిపి ఫేషియల్ ఫెమినైజేషన్ సర్జరీ అంటారు. వాడుకలో ఎఫ్ఎఫ్ఎస్. ఇది ఒకే ఆపరేషన్ కాదు. నుదురు, కనుబొమలు, జుట్టు మొదలయ్యే అంచు, ముక్కు, చెంపలు, పై పెదవి, దవడ, గడ్డం ఎముక, కంఠమణి... వీటిలో ఎవరికి ఏది అవసరమో తేల్చి, ఒకేసారి గానీ విడతలుగా గానీ చేస్తారు. అలా తేల్చే దశలో అక్కరకొచ్చేదే డిజిటల్ ప్రివ్యూ. ఆ మనిషి సొంత ఫొటోను తీసుకుని, ఏ భాగం ఎంత మారితే ముఖం ఎలా కనిపిస్తుందో కంప్యూటర్‌లో మార్చి చూపించే చిత్రమిది.

ప్రివ్యూతో మూడు ప్రయోజనాలున్నాయి. ముఖంలో తనను నిజంగా ఇబ్బంది పెడుతున్నది ఏ భాగమో ఆ మనిషికి తేటపడుతుంది. మనసులోని కోరికను మాటల్లో చెప్పలేనివారు డాక్టరుకు బొమ్మలో చూపగలుగుతారు. ఆ కోరికలో ఎంత సాధ్యమో డాక్టరు అదే బొమ్మ మీద గీసి చెప్పగలుగుతారు.

ఎముక చెప్పే లెక్క

కౌమారంలో టెస్టోస్టెరాన్ ప్రభావంతో కళ్ల పైనున్న ఎముక గట్టు ముందుకు వస్తుంది. దవడ మూలలు వెడల్పవుతాయి, గడ్డం ఎముక పొడవు, వెడల్పు పెరుగుతాయి, కంఠమణి పైకి తేలుతుంది. పెద్దయ్యాక ఈస్ట్రోజెన్ తీసుకుంటే చర్మం మెత్తబడుతుంది, కొవ్వు సర్దుకునే తీరు మారి చెంపలు కొంత నిండుతాయి. ఈ మార్పు కొన్ని నెలల్లో మొదలై రెండు నుంచి ఐదేళ్ల దాకా సాగుతుంది. పెరిగిన ఎముక మాత్రం హార్మోన్లతో తగ్గదు. అక్కడే శస్త్రచికిత్స అవసరం వస్తుంది.

ఈ చికిత్సకు పునాది అమెరికాలో పడింది. శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ డగ్లస్ ఆస్టర్‌హౌట్ 1982లో ఒక ట్రాన్స్ మహిళ నుదుటికి శస్త్రచికిత్స చేయడానికి ముందు, స్త్రీ పురుషుల ముఖ ఎముకల్లో తేడా ఎక్కడుందో వెతికారు. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ ది పసిఫిక్ దంత వైద్య కళాశాలలోని పుర్రెల సేకరణను ఇందుకోసం పరిశీలించారు. నుదుటి శస్త్రచికిత్స పద్ధతులను వివరిస్తూ 1987లో ఆయన ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలో మూలాధారం. నుదుటి గట్టు స్వల్పంగా ఉంటే అరగదీస్తే చాలు. గట్టు బాగా ముందుకొచ్చి, దాని వెనక గాలి గది, అంటే ఫ్రంటల్ సైనస్ ఉంటే అరగదీయడం కుదరదు. ఆ గది ముందు గోడను కోసి తీసి, ఆకారం మార్చి, వెనక్కు జరిపి చిన్న టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. గోడ ఎంత మందమో, గది ఎంత పెద్దదో తెలిపేది సీటీ స్కాన్. ఫొటోకు ఆ సంగతి తెలియదు. ప్రివ్యూకున్న మొదటి హద్దు ఇదే.

సెల్ఫీ మోసం

ప్రివ్యూ ఎంత బాగున్నా దాని నాణ్యత మూల ఫొటోను మించదు. ముఖానికి బాగా దగ్గరగా తీసే సెల్ఫీలో కెమెరాకు దగ్గరున్న ముక్కు పెద్దదిగా, దూరంగా ఉన్న చెవులు చిన్నవిగా పడతాయి. అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు వెడల్పు అయిదు అడుగుల నుంచి తీసినదానికన్నా సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. అలాంటి సెల్ఫీ చూసి ముక్కు తగ్గించుకోవాలనుకుంటే ఆ నిర్ణయం కెమెరాది అవుతుంది.

అద్దం ఇంకో చిక్కు. రోజూ అద్దంలో చూసుకునే ముఖం కుడిఎడమలు తారుమారైనది. ఫొటోలో అసలు దిశ కనిపించేసరికి ముఖం వంకరగా ఉన్నట్టు తోస్తుంది. మనుషులు తమ ముఖం విషయంలో అద్దంలోని రూపాన్ని, స్నేహితులు మాత్రం అసలు రూపాన్ని ఇష్టపడతారని 1977లోనే ఒక అధ్యయనం తేల్చింది. ఫోన్ కుడిఎడమలు మార్చి చూపిన ఫొటోనా, అసలు దిశలో ఉన్న ఫొటోనా అన్నది ముందే సరిచూసుకోవాలి.

ఫొటో ఎలా తీయాలి?

కెమెరా అయిదు అడుగుల దూరంలో, కళ్ల ఎత్తులో ఉండాలి. వేరొకరు తీయాలి, లేదా ఫోన్‌ను స్టాండుకు బిగించి టైమర్ పెట్టాలి. ఫోన్‌లో రెండు, మూడు రెట్ల జూమ్ లెన్స్ ఉంటే అదే వాడాలి. వెనక సాదా గోడ ఉండాలి. వెలుతురు ఎదురుగా, రెండు వైపులా సమానంగా పడాలి. జుట్టు వెనక్కి దువ్వి నుదురు, చెవులు కనిపించేలా కట్టాలి. మేకప్, కళ్లజోడు, బ్యూటీ మోడ్ వద్దు. నవ్వకుండా ఒకసారి, నవ్వుతూ ఒకసారి తీయాలి. తల ఎత్తకుండా, దించకుండా ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, ముప్పావు కోణంలో రెండు కావాలి. తల పైకెత్తి కింది నుంచి తీసినది ముక్కు, దవడల కోసం అదనంగా పనికొస్తుంది.

ఫిల్టరు వేరు, ప్రివ్యూ వేరు

2019 మే నెలలో స్నాప్‌చాట్ స్త్రీ పురుష రూపాలను మార్చే ఫిల్టరు తెచ్చింది. ఫేస్‌యాప్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఒక్క మీట నొక్కితే ఆడ ముఖం వచ్చేస్తుంది. ఎన్నో ఏళ్లుగా లోపల దాచుకున్న రూపాన్ని తొలిసారి కళ్లారా చూసుకున్న అనుభవం చాలామందికి ఈ ఫిల్టర్లతోనే దక్కింది. ఆ మేరకు వాటి విలువను కొట్టిపారేయలేం.

శస్త్రచికిత్సకు అవి కొలమానం కాలేవు. ఫిల్టరు ఎముకను మాత్రమే మార్చి ఊరుకోదు. కళ్లు పెద్దవి చేస్తుంది, చర్మం నున్నగా చేస్తుంది, కనురెప్పల వెంట్రుకలు పెంచుతుంది, పెదవులకు రంగు వేస్తుంది, పొడవాటి జుట్టు తగిలిస్తుంది. కత్తితో ఇవేవీ రావు. కృత్రిమ మేధతో నడిచే యాప్‌లు తమకు నేర్పిన వేల ముఖాల నుంచి పోలికలు తెచ్చి దాదాపు కొత్త మనిషిని తయారుచేస్తాయి. నేర్పిన ముఖాల్లో పక్షపాతం ఉంటే ఫలితంలోనూ ఉంటుంది. అందంగా మారుస్తానన్న ఒక ఫిల్టరు ముఖాలను తెల్లబరుస్తోందని విమర్శలు రావడంతో ఫేస్‌యాప్ 2017 ఏప్రిల్‌లో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. చామనఛాయ తెలుగు ముఖం యాప్‌లో తెల్లబడి, ముక్కు సన్నబడి కనిపిస్తే, అందులో ఆడతనం ఎంత, పరాయితనం ఎంత అని అడగాల్సిందే.

ఈ విషయంలో తెలుగిళ్లలో ఒక మంచి కొలబద్ద ఉంది. ఆడపిల్ల పుడితే మేనత్త పోలికలు వెతుకుతారు. అమ్మ, అక్క, చెల్లి, మేనత్తల ఫొటోలు పక్కన పెట్టుకుంటే ఆ ఇంటి ఆడవాళ్ల నుదురు, దవడ ఎలా ఉంటాయో కనిపిస్తుంది. సినిమా తార ఫొటో కన్నా డాక్టరుకు ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆ ఇంటి ముక్కే కాస్త పెద్దదైతే, ముక్కును ముట్టుకోకుండా నుదురు, దవడలతోనే పని పూర్తి కావచ్చు.

అసలైన ప్రివ్యూను మనిషి చేత్తో, ఫొటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. ఆసుపత్రుల్లో వెక్ట్రా, క్రిసలిక్స్ లాంటి త్రీడీ పరికరాలు కూడా వాడతారు. ఎక్కడ చేసినా నియమం ఒక్కటే: శస్త్రచికిత్స ముట్టుకోలేనిదాన్ని ఫొటోలోనూ ముట్టుకోకూడదు.

ఒక్కో మార్పు, ఒక్కో బొమ్మ

ముందుగా పక్క నుంచి తీసిన ఫొటోతో మొదలుపెట్టడం మంచిది. అందులో నుదురు, ముక్కు, గడ్డం ఒకే గీతగా కనిపిస్తాయి. నుదుటి గట్టును కొంచెం వెనక్కు జరిపితే ముక్కు మొదలయ్యే చోటు మారుతుంది. గట్టు తగ్గాక అంతకుముందు సరిపోయిన ముక్కు పెద్దదిగా తోచవచ్చు. నుదురు, ముక్కు కలిపి చేయాలా అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఈ పక్క ఫొటోలోనే దొరుకుతుంది.

ఎదురు ఫొటోలో నుదుటి గట్టు ఆకారంగా కనిపించదు, కళ్ల మీద పడే నీడగా కనిపిస్తుంది. అందుకే ఎడిటింగ్ చేసేవారు ఆ నీడను తేలికపరిచి, కనుబొమలను కొద్దిగా పైకి జరుపుతారు. జుట్టు అంచును ముందుకు తెచ్చి, కణతల దగ్గర లోపలికి పోయిన మూలలను గుండ్రం చేస్తారు. ముక్కుకూ పై పెదవికీ మధ్య దూరం తగ్గిస్తే పై పళ్ల అంచు కాస్త కనిపిస్తుంది. దవడ మూలలు, గడ్డం వెడల్పు చివర్లో చూడాలి.

ప్రతి మార్పునూ విడి బొమ్మగా దాచుకోవాలి. నుదురు ఒక్కటే మార్చినది, నుదురు, దవడ కలిపి మార్చినది, అన్నీ మార్చినది వరుసగా పెట్టి చూస్తే ముఖం దేనితో మారిందో తెలుస్తుంది. మొత్తం మార్పులో ఎక్కువ భాగం ఒకటి రెండు చోట్ల నుంచే వచ్చిందని తేలితే మిగతావి మానుకోవచ్చు. ఖర్చు, నొప్పి, మత్తులో ఉండాల్సిన సమయం అన్నీ తగ్గుతాయి.

ఫొటో చూపనివి

ఎముకను మూడు మిల్లీమీటర్లు తగ్గిస్తే పైన చర్మం కచ్చితంగా అంతే తగ్గదు. కండ, కొవ్వు మధ్యలో ఉంటాయి. దవడ బాగా తగ్గిస్తే వయసు మీరినవారిలో చర్మం జారవచ్చు. తలలో గాటు పెట్టినచోట మచ్చ, కొన్ని నెలల తిమ్మిరి ఉంటాయి. చామనఛాయ, నల్లని చర్మాల్లో మచ్చ నల్లబడే, ఉబ్బే అవకాశం ఎక్కువ. దవడ, గడ్డం శస్త్రచికిత్సలో కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దెబ్బతినే ప్రమాదం ఉంది. కంఠమణిని ఎక్కువగా చెక్కితే గొంతు మారవచ్చు. వాపు చాలావరకు వారాల్లో తగ్గినా, తుది రూపం తేలడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మొదటి నెలలో అద్దంలో కనిపించే ముఖం ప్రివ్యూకు దగ్గరగా కూడా ఉండదు. ఈ సంగతి ముందే తెలియనివారు కుంగిపోవచ్చు.

ఒకే ఫొటోను రోజుల తరబడి సరిచేస్తూ, ఎంత మార్చినా చాలదనిపిస్తే ఆగి ఆలోచించాలి. ఫిల్టరు ముఖం కోసం సర్జన్ల దగ్గరకు వచ్చే ధోరణిని స్నాప్‌చాట్ డిస్మార్ఫియా అంటూ 2018లో వైద్య పత్రికలు చర్చించాయి. పుట్టుకతో నిర్ణయించిన లింగానికీ, తాను అనుభవించే లింగానికీ పొంతన లేకపోవడం వల్ల కలిగే వేదన వేరు. లేని లోపం ఉన్నట్టు నిరంతరం బాధపడే మానసిక రుగ్మత వేరు. ఆ తేడా తేల్చగలిగేది మానసిక వైద్యులు. ట్రాన్స్ ఆరోగ్యంపై పనిచేసే ప్రపంచ వృత్తి సంఘం డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన ప్రమాణాల ఎనిమిదో వెర్షన్ ముఖ శస్త్రచికిత్సలను వైద్యపరంగా అవసరమైన చికిత్సల్లో చేర్చింది. ఫలితానికి హార్మోన్లు అవసరమైన సందర్భాల్లో పెద్దవారికి కనీసం ఆరు నెలల హార్మోన్ చికిత్సను సూచించింది. ప్రివ్యూకు వాడే ఫొటో కూడా ఆ తర్వాతదైతేనే లెక్క సరిపోతుంది.

మనూర్ నుంచి హైదరాబాద్ దాకా

సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, నారాయణఖేడ్ డివిజన్‌లో ఉన్న మండలం మనూర్. ఇలాంటి చోట ఉండే ట్రాన్స్ మహిళకు ఈ శస్త్రచికిత్స అంటే వంద కిలోమీటర్లకు పైబడిన హైదరాబాద్ ప్రయాణమే. ప్రతి సందేహానికీ బస్సెక్కడం అయ్యే పని కాదు. 2020 మార్చిలో వచ్చిన కేంద్ర టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో ద్వారా డాక్టరు సలహా తీసుకునే వీలు కల్పించాయి. పద్ధతిగా తీసిన ఫొటోలు, విడివిడి ప్రివ్యూలు ముందే పంపితే తొలి సంభాషణ ఇంటి నుంచే సాగుతుంది. సీటీ స్కాన్, స్వయంగా పరీక్ష మాత్రం తప్పవు.

హైదరాబాద్‌లో ట్రాన్స్ సమాజానికి వైద్యం కొత్త సంగతేమీ కాదు. 2021లో నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్‌ను ట్రాన్స్ సమాజం వారే నడిపారు. హార్మోన్ల సలహా, మానసిక కౌన్సెలింగ్ అక్కడ దొరికేవి. అమెరికా సాయం నిలిచిపోవడంతో 2025 జనవరిలో అది మూతపడింది. డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, రాష్ట్రంలో ప్రభుత్వ కొలువులోకి వచ్చిన తొలి ట్రాన్స్ వైద్యులయ్యారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం వచ్చిన 2019 చట్టం హార్మోన్లు, శస్త్రచికిత్సలతో సహా వైద్య సదుపాయాలు కల్పించే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్య బీమా ఇచ్చే ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కోసం 2022 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ముఖ శస్త్రచికిత్సలో ఏది బీమా కిందికి వస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో ఆసుపత్రిలో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

ఫొటో ఎవరి చేతిలో?

ఇంట్లో సంగతి చెప్పని మనిషికి మార్చిన ఫొటో బయటపడడమంటే బతుకు బయటపడినట్టే. చిన్న ఊళ్లలో ఒకే ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడతారు. కాబట్టి ఫొటోలను తాళం వేసిన ఫోల్డర్‌లో ఉంచాలి, వాటిని దానంతటదే ఆన్‌లైన్‌లో భద్రపరిచే సదుపాయాన్ని ఆపాలి, ఊళ్లో స్టూడియోకు ఇవ్వకూడదు. ఉచిత యాప్‌కు ఫొటో ఇచ్చేముందు అది ఆ ఫొటోను తన సర్వర్లలో ఎంతకాలం ఉంచుకుంటుందో చదవాలి. వ్యక్తిగత సమాచారాన్ని సేకరించేవారు అనుమతి అడగాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. గుర్తుపట్టేలా ఉన్న రోగి ఫొటోను అనుమతి లేకుండా ప్రచురించకూడదని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుంచే అంటోంది. క్లినిక్‌లో సంతకం పెట్టే కాగితాల మధ్య ప్రచారానికి ఫొటో వాడుకునే అనుమతి కూడా ఉండవచ్చు. ఇష్టం లేకపోతే దాన్ని కొట్టేసి సంతకం పెట్టే హక్కు ఉంది.

సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ప్రివ్యూ ఒక పరీక్షగానూ పనికొస్తుంది. అచ్చం ఇలాగే చేసిస్తానని బొమ్మ చూపి హామీ ఇచ్చేవారిని పక్కన పెట్టాలి. ఇందులో ఇది సాధ్యం, ఇది కాదు, దీనికి ఈ ప్రమాదం ఉందని సీటీ స్కాన్ పక్కన పెట్టి వివరించే ప్లాస్టిక్ సర్జన్‌నో, మాక్సిలోఫేషియల్ సర్జన్‌నో నమ్మాలి. ఇద్దరు డాక్టర్ల మాట విన్నాకే తేదీ ఖాయం చేసుకోవాలి.