మీకు తెలుసా? తేలే ఇటుక, జారే గేరు

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి ఇటుకలకూ, పిల్లలు గేర్‌బాక్స్‌లు కట్టే లెగో ఇటుకలకూ పోలికేమిటి? ఆ రెండు కట్టడాల్లోనూ గట్టిగా పట్టి ఉంచే భాగం ఎంత అవసరమో, కాస్త వదులిచ్చే భాగమూ అంతే అవసరం.

ప్లాస్టిక్ కంటే తేలిక
కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. ఘన సెంటీమీటరు ఇటుక బరువు 0.9 గ్రాము లోపే. అంతే లెగో ప్లాస్టిక్ బరువు సుమారు 1.05 గ్రాములు. అంటే నీటికంటే కాస్త ఎక్కువే. లెగో ముక్క తేలిందంటే అది బోలు భాగంలో చిక్కుకున్న గాలి చలవే. రామప్ప ఇటుక మాత్రం ఒళ్లంతా సన్నని రంధ్రాలతో నిజంగానే తేలిక. అందుకే శిఖరం బరువు కింది రాతి దూలాల మీద, స్తంభాల మీద తక్కువగా పడుతుంది.

ఇసుక మీద గుడి
ఈ గుడికి పునాది గోతిలో ఇసుక నింపారు. పైబరువును అది సమంగా పంచుతుంది, భూమి కదిలితే అదురును కొంత మింగుతుంది. లోపల నేల అక్కడక్కడా ఎగుడుదిగుడైనా గుడి నిలిచే ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ చేరింది.

జారడానికే పుట్టిన గేరు
గుడికి ఇసుక ఇచ్చే వదులును లెగోలో 24 పళ్ల తెల్ల క్లచ్ గేరు ఇస్తుంది. దాని మీద 2.5, 5.0 అనే అంకెలుంటాయి. తిప్పుడు బలం ఆ రెండు అంకెల మధ్య న్యూటన్ సెంటీమీటర్లకు చేరితే పళ్ల చట్రం ఆగిపోయి, మధ్య భాగం మాత్రం ఇరుసుతో కలిసి జారుతూ తిరుగుతుంది. మోటారు కాలకుండా, పళ్లు విరగకుండా కాపాడేది ఆ జారుడే. బండి బరువు లాగాల్సిన చోట దీన్ని పెడితే మాత్రం మోటారు తిరుగుతుంది, చక్రం కదలదు. అక్కడ మామూలు 24 పళ్ల గేరు వేయాలి.

పళ్లలో సగం, దూరం మొత్తం
లెగో గేరుకున్న పళ్ల సంఖ్యలో సగమే మిల్లీమీటర్లలో దాని వ్యాసార్ధం. లెగో రంధ్రాల బద్దలో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 8 మిల్లీమీటర్లు. 8, 24 పళ్ల జోడీకి 4+12, అంటే 16. సరిగ్గా రెండు రంధ్రాల దూరం. 8, 16 పళ్ల జోడీకి 12 కావాలి. అంటే ఒకటిన్నర రంధ్రం. ఒకే బద్దలో అది కుదరదు. నిలువుగా కట్టేటప్పుడు ఇటుక ఎత్తు 9.6, పలక ఎత్తు 3.2. రంధ్రాలున్న రెండు ఇటుకల మధ్య రెండు పలకలు వేస్తే రంధ్రాల మధ్య దూరం మళ్లీ 16 అవుతుంది.

ఒకేసారి రెండు గేర్లు పడితే?
గేరు మార్చే పెట్టెలో 16 పళ్ల క్లచ్ గేర్లు ఇరుసు మీద ఖాళీగా తిరుగుతుంటాయి. పక్కనుండే రింగు జరిగి వచ్చి పట్టుకున్నప్పుడే అవి ఇరుసుతో కలిసి తిరుగుతాయి. రెండు రింగులున్న పెట్టెలో రెండూ ఒకేసారి పట్టుకుంటే పెట్టె మొత్తం బిగుసుకుపోతుంది. ఒకటి పూర్తిగా వదిలాకే రెండోది పట్టేలా మీటను అమర్చాలి. రింగు సగమే జరిగినా టకటకమని చప్పుడొస్తుంది.

లోపం ఎక్కడ?
గేర్లు సరిగా తిరగకపోతే మోటారు తీసేసి చేత్తో తిప్పి చూడండి. మొదటి నుంచీ బరువుగా తిరిగితే ఇరుసు పక్కకు జరగకుండా దాని మీద తొడిగే బుష్ బద్దకు మరీ అదిమి ఉన్నట్టు. వెంట్రుకంత సందు వదలండి. ఒక్కో చుట్టుకు ఒక్కసారే పట్టేస్తే ఇరుసు వంగిందో, పన్ను విరిగిందో చూడండి. ఖాళీగా బాగానే తిరిగి, బరువు పడ్డప్పుడే పళ్లు జారితే చట్రం విచ్చుకుంటోందన్నమాట. ఇరుసుకు రెండు వైపులా ఆధారమిచ్చి అడ్డబద్దలు కట్టండి. ఏదీ తేలకముందే పెద్ద మోటారు బిగిస్తే మాత్రం ముందుగా అరిగిపోయేది గేరు పళ్లే.