విలియం కుషింగు న్యాయాధిపతి

ఒక దేశము తన శాసనములలో మంచి మాటలు వ్రాసికొనుట సులభము. వ్రాసిన మాటకుఁ గట్టుపడుట కష్టము. అమెరికాయందలి మసాచుసెట్సు రాష్ట్రమునకుఁ బ్రధాన న్యాయాధిపతియైన విలియం కుషింగు చరిత్రము ఇందులకు నిదర్శనము.

ఇతఁడు 1732వ సంవత్సరము మార్చి 1వ తేదిని సిట్యుయేట్ అను నూర జన్మించెను. 1751లో హార్వర్డు కళాశాలయందుఁ బట్టమును బొంది, న్యాయవాదియై, 1772లో తన తండ్రి విడిచిన న్యాయాధిపతి పదవి నధిష్ఠించెను. అప్పటి కారాష్ట్రము ఇంగ్లండు రాజు నేలుబడిలో నుండెను. న్యాయాధిపతులు రాజు నొద్ద జీతము తీసికొనరాదని 1774లో ప్రజాప్రతినిధులు పట్టుపట్టఁగా, కుషింగు ఆ జీతమును నిరాకరించెను. స్వాతంత్ర్య యుద్ధము సాగుచుండఁగనే 1777లో ప్రధాన న్యాయాధిపతి యయ్యెను.

1780లో ఆ రాష్ట్రము క్రొత్త రాజ్యాంగము నేర్పఱచుకొనెను. మనుష్యులందఱును స్వతంత్రులుగను సమానులుగను జన్మించిరని అందలి హక్కుల ప్రకటనము చాటెను. అయినను ఆఫ్రికా సంతతివారిని బానిసలుగా నుంచుకొను వాడుక పోలేదు.

క్వాక్ వాకర్ అను నొక బానిసకు విముక్తి నిత్తునని పూర్వపు యజమానుఁడు మాట యిచ్చెనఁట. అతఁడు మరణించిన పిమ్మట అతని భార్యను వివాహమాడిన జెన్నిసన్ అనువాఁడు వాకరుకు యజమానుఁ డయ్యెను. 1781లో వాకరు అతనిని విడిచి, పూర్వపు యజమానుని సోదరుల పొలమునఁ బనికిఁ జేరెను. జెన్నిసన్ అతనిని పట్టి, కొట్టి, బంధించెను. ఈ దౌర్జన్యమునకై ప్రభుత్వము చేసిన నేరారోపణము 1783లో వూస్టరు పట్టణమునఁ గుషింగు నెదుట విచారణకు వచ్చెను. పాఱిపోయిన తన బానిసను పట్టితెచ్చుట తన హక్కని జెన్నిసన్ వాదించెను.

కుషింగు జూరీవారికిట్లు బోధించెను: బానిసత్వము ఇదివఱకు వాడుకలో నుండుట నిజమే గాని, దానిని స్పష్టముగా స్థాపించిన శాసనము లేదు, ఎల్లరును స్వతంత్రులుగా జన్మించిరని రాజ్యాంగము పలుకుచుండఁగా బానిసత్వ మందులో నిముడదు. జూరీవారు జెన్నిసన్ దోషి యనిరి. 40 షిల్లింగుల జుల్మానా విధింపఁబడెను.

జుల్మానా స్వల్పము, ఫలము మిక్కిలి గొప్పది. ఆ యొక్క దినముననే బానిసలందఱును విడుదల పొందలేదు. కాని న్యాయస్థానములు తమ పక్షము వహింపవని యజమానులు గ్రహించిరి. 1790వ సంవత్సరపు జనాభా లెక్కలలో మసాచుసెట్సునందు ఒక్క బానిసయైనను కానరాలేదు. అమెరికా యంతటను బానిసత్వము నిషేధింపఁబడుటకు 1865 వఱకు కాలము పట్టెను.

1789లో అధ్యక్షుఁడు వాషింగ్టను కుషింగును దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు నియమించెను. 1796లో అచటి ప్రధాన న్యాయాధిపతి పదవి కూడ లభింపఁగా, అనారోగ్యముచే దానిని వలదని, సామాన్య న్యాయాధిపతిగానే యుండి 1810 సెప్టెంబరు 13వ తేదిని మరణించెను.

విద్యార్థులారా! కుషింగు క్రొత్త శాసనమును సృష్టింపలేదు. ఉన్న మాటను ఉన్నట్లే చదివి, అది వాకరుకును వర్తించునని చెప్పెను. ఆ మాటను పరీక్షించుటకు దెబ్బలు తినియు వెనుదీయని వాకరును సైతము మనము మఱవరాదు.