తిరుగు వస్తువుల జడత్వము

విద్యార్థులారా! ఒక పలకను ఏటవాలుగా నిలిపి, దాని పైనుండి ఒక రూపాయి నాణెమును, ఒక గాజును ఒకేసారి దొర్లనిండు. నాణెమే ముందుగా క్రిందికి చేరును. బరువైన గాజును తీసికొన్నను, పెద్ద గాజును తీసికొన్నను ఫలితము మారదు. దీనికి కారణమేమి?

నిలిచియున్న బండిని కదల్చుట కష్టము. పరుగెత్తు బండిని ఆపుటయు కష్టమే. ఈ గుణమునకు జడత్వమని పేరు. తిన్నగా పోవు వస్తువు జడత్వము దాని ద్రవ్యరాశిని బట్టి యుండును. తిరుగు వస్తువు విషయమున ఆ ద్రవ్యరాశి ఇరుసునకు ఎంత దూరమున నున్నదో కూడ చూడవలెను. ప్రతి కణపు ద్రవ్యరాశిని ఇరుసునుండి దానికి గల దూరపు వర్గముచే గుణించి, ఆ లబ్ధముల నన్నిటిని కూడగా వచ్చునది జడత్వ భ్రామకము. దూరము రెట్టింపైనచో భ్రామకము నాలుగింతలగును.

గాజునందు ద్రవ్యమంతయు అంచుననే యున్నది. కావున ద్రవ్యరాశిని వ్యాసార్ధపు వర్గముచే గుణించిన చాలును. నాణెము మాటయేమి? దానిని సమాన వైశాల్యము గల నూరు సన్నని వలయములుగా ఊహింపుడు. వృత్త వైశాల్యము వ్యాసార్ధపు వర్గమును బట్టి పెరుగును గదా! కావున లోపలినుండి వెలుపలికి ఒక్కొక్క వలయము దాటిన కొలది దూరపు వర్గము సమానముగా హెచ్చుచుండును. కేంద్రమున అది సున్న. అంచున పూర్తి వర్గము. సమానముగా పెరుగు సంఖ్యల సగటు ఆద్యంతముల సగటే. కావున నాణెపు భ్రామకము అదే ద్రవ్యరాశి, అదే వ్యాసార్ధము గల గాజు భ్రామకములో సగము. అందువలననే అది సులభముగా తిరుగసాగి గాజును దాటిపోవును. తన అక్షముపై తిరుగు గుండ్రని స్తంభమునకును ఇదే సూత్రము. ఇట్లే వ్యాసము చుట్టు తిరుగు ఘనగోళమునకు 2/5 వంతు, పలుచని బోలుగోళమునకు 2/3 వంతు వచ్చును. మధ్యబిందువుపై అడ్డముగా తిరుగు సన్నని కడ్డీకి ద్రవ్యరాశిని పొడవు వర్గముచే గుణించి 12చే భాగింపవలెను.

ఈ లెక్కతో మనకేమి పని? రామగుండమునకు పోదము. అచ్చటి ఎన్.టి.పి.సి. తాప విద్యుత్కేంద్రమున సింగరేణి బొగ్గుతో పుట్టిన ఆవిరి టర్బైనులను నిమిషమునకు 3000 సార్లు, అనగా సెకనుకు 50 సార్లు త్రిప్పుచుండును. మన విద్యుత్తు పౌనఃపున్యము 50 అగుటకు ఇదియే మూలము. ఎచ్చటనైన ఒక పెద్ద జనరేటరు హఠాత్తుగా ఆగినచో ఆ భారము తక్కినవాటిపై పడును. అవి మందగింపసాగును. అదనపు ఆవిరి అందుటకు కొన్ని సెకనులు పట్టును. అంతదాక తిరుగు ద్రవ్యమునందు నిలువయున్న శక్తియే తీగలకు అందుచుండును. భ్రామకము ఎంత పెద్దదైన వేగము అంత మెల్లగా తగ్గును.

ఉదాహరణమునకు 1000 కిలోగ్రాముల ద్రవ్యరాశి, అర మీటరు వ్యాసార్ధము గల ఇనుప బిళ్లను తీసికొందము. దాని భ్రామకము 1000 × 0.25 × 1/2 = 125. అది నిమిషమునకు 3000 సార్లు తిరిగినచో 60 టన్నుల బొగ్గును 10 మీటర్లు పైకెత్తగల శక్తి అందుండును. ద్రవ్యమంతయు అంచుననే యున్నచో ఆ శక్తి రెట్టింపగును.

అదే రామగుండమున, జలాశయముపై తేలియాడు 100 మెగావాట్ల సూర్యఫలకముల కేంద్రము 2022లో పూర్తియైనది. దానికి పొగ లేదు, బూడిద లేదు. కాని తిరుగు చక్రమును లేదు. ఇట్టి కేంద్రములు పెరిగిన కొలది జడత్వపు లోటును వేరు విధముగా తీర్చవలసి యుండును. బరువైన చక్రములను ఊరక త్రిప్పుచుండుట ఒక ఉపాయము. క్షణములో శక్తినిచ్చు బ్యాటరీలు మరియొకటి. ఆ చక్రపు బరువును ఇరుసునకు ఎంత దూరమున నుంచవలెనో తేల్చునది, మీరు నాణెముపై చేసిన ఈ చిన్న లెక్కయే.