మా మల్లి ఎందుకు పోయింది?

కుందేలు పోయిందని వ్యాసం రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ చిన్న ప్రాణి పోయిన తర్వాత మా ఇంట్లో నాలుగు రోజులు ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పిల్లల సరదా కోసం కుందేళ్లను పెంచుతున్న ఇళ్లు మన సభ్యుల్లోనూ ఉన్నాయి. మా అనుభవం వారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మేము బెంగుళూరులో స్థిరపడి మూడు తరాలైంది. మా చిన్నమ్మాయి ఏడో తరగతిలో ఉండగా మా బావమరిది ఒక కుందేలు పిల్లను తెచ్చి ఇచ్చాడు. మల్లెపువ్వులా తెల్లగా ఉందని మా అమ్మ దానికి మల్లి అని పేరు పెట్టింది. అమ్మ జపం చేసుకుంటుంటే ఆమె చీర కుచ్చెళ్ల పక్కన చెవులు వెనక్కు వాల్చి పడుకునేది. పూల అంగడిలో వినాయకుడికని కొనే గరికలో సగం వాటా దానిదే.

2024 ఏప్రిల్ నెలాఖరు. ఆ నెలలో మా ఊళ్లో ఎండ 38 డిగ్రీలు దాటింది. ఒకరోజు ఉదయం అమ్మాయి గూడు తలుపు తీసేసరికి మల్లి పక్కకు ఒరిగి ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. ఎక్కడా దెబ్బ లేదు, రక్తపు చుక్క లేదు. ముందురోజు సాయంత్రం హాలంతా గెంతులు వేసింది. దాని వయసు మూడేళ్లే. బాగా చూసుకుంటే ఇంటి కుందేళ్లు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతాయి.

నాకు ఆఫీసుకు టైమవుతోంది. ఇంటి వెనక కరివేపాకు చెట్టు పక్కన గుంట తీసి, పాత తువ్వాలులో చుట్టి పూడ్చిపెట్టాను. అమ్మాయి ఏడుస్తూనే ఉంది. నేను స్నానం చేసి వెళ్లిపోయాను.

నేను చేసిన విచారణ

సాయంత్రం రాగానే ప్రశ్నలు మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నవాడిని. లెక్కలో తేడా వస్తే అది ఎవరి కౌంటర్లో వచ్చిందో తేలేదాకా కదలని అలవాటు.

"నిన్న దానికి ఎవరేం పెట్టారు? గూడు ఎండలో ఎంతసేపుంది?" అని ఒక్కొక్కరినీ అడిగాను.

బట్టలారవేసేటప్పుడు గూడు బాల్కనీలోకి జరిపానని, మళ్లీ లోపల పెట్టడం ఆలస్యమైందని మా ఆవిడ చెప్పింది. పక్కింటి కుక్కపిల్లను దగ్గరకు తెచ్చి చూపించానని అమ్మాయి చెప్పింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి భోజనం వద్దంది. మరునాడూ గ్లాసు మజ్జిగ తాగి పడుకుంది.

మూడోనాడు నన్ను పిలిచి, "నాయనా, పూజ చేసిన అరటిపండు ముక్క నేనే పెట్టినాను. నా చేతులతోనే దాన్ని చంపుకున్నాను" అంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే నాకు నోట మాట రాలేదు.

డాక్టరు అడిగిన ప్రశ్న

మరునాడు మా పేటలోని పశువైద్యుడి దగ్గరకు వెళ్లాను. కళేబరాన్ని చూడకుండా కారణం చెప్పడం కుదరదని ఆయన ముందే అన్నారు. అయినా ఓపికగా అన్నీ వివరించారు.

మనం ఇళ్లలో పెంచే కుందేళ్లు యూరపు అడవి కుందేళ్ల సంతతి. మన పొలాల్లో పరుగెత్తే చెవులపిల్లి వేరే జాతి. ఇంటి కుందేలు చలికి తట్టుకున్నట్టు వేడికి తట్టుకోలేదు. దానికి మనలా చెమట పట్టదు. ఒంట్లోని వేడి చాలావరకు చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. కుక్కను చూసి భయపడినా దానికి ప్రమాదమే. 1984లో మొదట చైనాలో బయటపడిన రక్తస్రావ వ్యాధి వంటివైతే, పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే చంపేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం దాని పేగులు. అవి ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. మేత ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, లోపల గాలి చేరుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. పైగా అది వేటకు గురయ్యే జంతువు కాబట్టి, జబ్బు చేసినా పైకి కనపడనివ్వదు.

"అరటిపండు ఒక ముక్క పెడితే చచ్చిపోతుందా?" అని అడిగాను. తీపి ఎక్కువగా పెట్టకూడదు గానీ, ఒక్క ముక్కతో ఆరోగ్యంగా ఉన్న కుందేలు చనిపోదన్నారు. తర్వాత ఆయన అడిగారు: "ముందు రాత్రి మేత తిన్నదా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి పది గంటలకు మంచినీళ్లకు లేచినప్పుడు చూశాను, గిన్నెలో గరిక అలాగే ఉంది. పొద్దున చూద్దాంలే అనుకుని పడుకున్నాను. ఇల్లంతటినీ నిలదీసిన నేను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కుందేలు పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది అత్యవసరమేనని ఆయన చెప్పారు. "ఆ రాత్రే తెచ్చినా బతికేదని మాట ఇవ్వలేను" అని కూడా అన్నారు.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మాయి చాలాసేపు నా వైపు చూడలేదు. తర్వాత, "అవ్వకు ముందే చెప్పి ఉంటే అన్నం తినేది కదా నాన్నా" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. అమ్మ ఆ రాత్రి చారన్నం తినింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సామెత. మా ఇంట్లో నలుగురం నాలుగు కారణాలు పట్టుకున్నాం, ప్రతివారూ తానే దోషినని లోపల నమ్మారు. నిజం కరివేపాకు చెట్టు కింద ఉండిపోయింది. బ్యాంకులో వివరం దొరకని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో ఉంచుతాం. వివరం దొరకలేదని కనపడినవారి జీతంలో కోత పెట్టం. ఆ పాటి న్యాయం ఇంట్లోవాళ్లకు చేయలేకపోయాను.

పెంచేవారికి నాలుగు మాటలు

రోజూ పడుకునే ముందు మేత గిన్నె, పెంటికలు చూడండి. తినకపోయినా, పెంటికలు తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. కుందేళ్లకు వైద్యం తెలిసిన డాక్టరు ఎక్కడున్నారో ముందే కనుక్కోండి. గరిక, ఎండుగడ్డి ప్రధానమైన మేతగా ఉండాలి. క్యారెట్టు, పండ్లు కొద్దిగా చాలు. ఎండాకాలంలో గూడు నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. గడ్డ కట్టిన నీళ్లసీసాకు గుడ్డ చుట్టి పక్కన ఉంచితే ఒరిగి పడుకుంటుంది.

ఉన్నట్టుండి చనిపోతే మాలాగా తొందరపడి పూడ్చకండి. కారణం తెలుసుకోవాలనుకుంటే, కళేబరాన్ని గట్టి కవరులో చుట్టి చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా పరీక్షకు తీసుకెళ్లాలి. గడ్డ కట్టేంత చలిలో పెడితే పరీక్షకు పాడవుతుంది. బెంగుళూరులో హెబ్బాళ, చెన్నైలో వేపేరి, ముంబయిలో పరేల్, భువనేశ్వర్ - ఈ చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. ముందుగా అడిగి వెళ్లడం మంచిది. ఇంట్లో ఇంకో కుందేలు ఉంటే ఈ పరీక్ష దానికీ మేలు చేస్తుంది. ఒక్కోసారి పరీక్షలోనూ కారణం తేలకపోవచ్చు.

ఏమైనా, ఆ రోజే ఎవరినీ ప్రశ్నించకండి. ముందు అందరూ కలిసి కూర్చుని రెండు ముద్దలు తినండి. మా అమ్మ ఇప్పటికీ వినాయకుడికి గరిక తెచ్చినప్పుడల్లా ఒక పిడికెడు కరివేపాకు చెట్టు దగ్గర పెట్టి వస్తుంది. ఎందుకని మేమెవరం అడగం.