చప్పుడు ఎక్కడిదో తేల్చాకే ఇంజిన్ విప్పాలి

పాత డీజిల్ ట్రాక్టర్లలో ‘నాకింగ్’
నాజిల్ లోపమా, బేరింగు అరుగుదలా?
సులువైన పరీక్షలతో గుర్తించే వీలు

ఖరీఫ్ దమ్ములు మొదలైతే డెల్టా గ్రామాల్లో ట్రాక్టర్‌కు విశ్రాంతి ఉండదు. కేజ్ వీల్స్ తగిలించుకుని బురదలో గంటల తరబడి తిరగాల్సిందే. ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజిన్ నుంచి అంతవరకు లేని చప్పుడు బయటపడేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. కొందరు యజమానులు ‘డీజిల్ బండికి చప్పుడు మామూలే’ అనుకుని అలాగే నడిపిస్తారు. మరికొందరు వెంటనే ఇంజిన్ దింపించి బోరు పనికి ఇచ్చేస్తారు. రెండింటిలోనూ నష్టం ఉంది. సకాలంలో బేరింగు మార్చకపోతే క్రాంక్ షాఫ్ట్ పాడవుతుంది. ఒక్క నాజిల్ బాగుచేస్తే పోయే చప్పుడుకు ఇంజిన్ మొత్తం విప్పితే డబ్బుతో పాటు అదునూ పోతుంది. ఇంధనం మండటంలో తేడా వల్ల చప్పుడు వస్తోందా, భాగాలు అరిగి ఒకదానికొకటి కొట్టుకోవడం వల్ల వస్తోందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఇంజిన్ విప్పకుండానే దీనిని చాలావరకు తెలుసుకోవచ్చు.

చప్పుడు పుట్టేది ఇలా..

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారు నుంచి ఇరవై రెట్ల వరకు కుదించడంతో దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ గాలిలోకి నాజిల్ చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ మధ్య స్వల్ప వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి పెరిగితే పోగైన ఇంధనమంతా ఒక్కసారిగా మండి పిస్టన్‌పై సుత్తితో కొట్టినట్లు పడుతుంది. ఉదయం చల్లని ఇంజిన్ ఎక్కువ చప్పుడు చేసి, వేడెక్కాక కుదుటపడటానికి కారణం ఇదే. కిరోసిన్ కలిసిన కల్తీ డీజిల్ వాడినా ఇదే చప్పుడు పెరుగుతుంది. డీజిల్ త్వరగా అంటుకునే గుణాన్ని తెలిపే సీటేన్ సంఖ్య మన దేశ ప్రమాణాల ప్రకారం కనీసం 51 ఉండాలి. కొత్తగా డీజిల్ పోయించిన రోజు నుంచే చప్పుడు మొదలైతే అనుమానించాల్సింది ముందుగా ఇంధనాన్నే.

మొదట ఆయిల్ పరీక్ష

ఏ పరీక్షకైనా ముందు ఇంజిన్ ఆపి, బండిని సమతలంపై ఉంచి డిప్ స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ తగ్గి ఉంటే బేరింగులకు తగినంత అందడం లేదని అర్థం. మట్టం పెరిగి, పలుచబడి, డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగో, నాజిల్ కారో ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని గుర్తించాలి. పాల రంగుకు మారితే నీరు కలిసినట్లే. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు ఎర్ర గీత వైపు పడిపోతూ, దానికి తోడు అడుగు నుంచి బరువైన చప్పుడు వస్తుంటే మిగిలిన పరీక్షల కోసం ఇంజిన్ నడపరాదు. అక్కడికక్కడే ఆపివేయాలి.

శబ్దాన్ని బట్టి..

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌పై ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినడం మెకానిక్‌లు అనుసరించే పాత పద్ధతి. చప్పుడు ఏ భాగంలో గట్టిగా వినిపిస్తోందో దీనితో తెలుస్తుంది. ఫ్యాను, బెల్టులకు దుస్తులు, కండువా తగలకుండా చూసుకోవాలి.

* పైభాగం నుంచి సన్నని ‘టిక్ టిక్’ వస్తుంటే ట్యాపెట్ల సందు పెరిగి ఉండవచ్చు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. నిమిషానికి 700 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక వాల్వు చప్పుడు 350 సార్లు మాత్రమే వస్తుంది. ఫీలర్ గేజ్‌తో కంపెనీ పుస్తకంలోని కొలతకు సందు సరిచేయిస్తే సరిపోతుంది.
* చల్లగా ఉన్నప్పుడు డొల్లగా వినిపించి, వేడెక్కేకొద్దీ తగ్గితే పిస్టన్, లైనర్ అరిగి పిస్టన్ పక్కలకు కొట్టుకుంటోందని అనుమానించాలి. పొగ, ఆయిల్ ఖర్చు పెరగనంతవరకు దీనికి కొంత గడువు ఉంటుంది.
* వేడెక్కేకొద్దీ పెరుగుతూ, బరువు పడినప్పుడు, ఎక్సలరేటర్ పెంచి వదిలినప్పుడు అడుగు నుంచి ‘దబ దబ’మని వస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగు, లేదా మెయిన్ బేరింగు అరిగి ఉంటుంది. ఇది ప్రమాదకరం.
* అన్ని సిలిండర్ల నుంచీ ఒకేలా కరకుగా కొడుతుంటే ఫ్యూయల్ పంపు టైమింగ్ ముందుకు జరిగి ఉండవచ్చు. పంపు విప్పి బిగించిన తర్వాతే చప్పుడు మొదలైతే ఈ అనుమానం మరింత బలపడుతుంది.
* క్లచ్ తొక్కినప్పుడు చప్పుడు మారితే లోపం క్లచ్ వైపు ఉండవచ్చు. ఫ్లైవీల్ బోల్టులు వదులైనా బేరింగు పోయినట్లే వినిపిస్తుంది.

ఒక్కో సిలిండర్‌ను ఆపి..

పాత తరహా ఫ్యూయల్ పంపు ఉన్న ఇంజిన్లలో అసలు విషయం తేల్చే పరీక్ష ఇది. ఇంజిన్‌ను నెమ్మదిగా నడుస్తుండగా ఉంచి, మొదటి నాజిల్‌కు వచ్చే డీజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేయాలి. ఆ సిలిండర్‌కు ఇంధనం అందక ఇంజిన్ తడబడుతుంది. అప్పుడు చప్పుడు తగ్గిందో లేదో విని, నట్టు బిగించి తర్వాతి సిలిండర్‌కు వెళ్లాలి. ఏ సిలిండర్‌ను ఆపినప్పుడు చప్పుడు పోతుందో లోపం అక్కడే. ఏ ఒక్కదాన్ని ఆపినా మార్పు లేకుంటే మెయిన్ బేరింగు, ఫ్లైవీల్, వాటర్ పంపు వంటివి చూడాలి.

అయితే ఇక్కడితో ఆగితే తీర్పు తప్పే అవకాశం ఉంది. సిలిండర్‌లో మంట ఆగితే నాజిల్ చప్పుడే కాదు, రాడ్ బేరింగుపై ఒత్తిడి తగ్గి దాని చప్పుడు కూడా తగ్గుతుంది. అందుకే ఇంజిన్ ఆపి, అనుమానం ఉన్న సిలిండర్ నాజిల్‌ను పక్క సిలిండర్ నాజిల్‌తో మార్చి బిగించాలి. వాషర్లు కొత్తవి వేయాలి. మళ్లీ నడిపినప్పుడు చప్పుడు నాజిల్‌తో పాటు పక్క సిలిండర్‌కు మారితే లోపం నాజిల్‌దే. పాత సిలిండర్‌లోనే ఉండిపోతే పిస్టన్, గజన్ పిన్, బేరింగులలో ఒకటి అరిగినట్లు. మొదటి సందర్భంలో నాజిల్‌ను టెస్టింగ్ పంపుపై పరీక్షింపజేస్తే డీజిల్ తుంపరగా వస్తోందో, బొట్లుగా కారుతోందో కంటికే కనిపిస్తుంది. రెండో సందర్భంలోనే ఇంజిన్ విప్పాల్సిన అవసరం ఏర్పడుతుంది.

చేయి అడ్డు పెట్టవద్దు

ఈ పని అనుభవజ్ఞుడైన మెకానిక్ చేతనే చేయించాలి. పాత నాజిళ్లు కూడా 150 బార్‌కు పైబడిన ఒత్తిడితో తెరుచుకుంటాయి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి చొచ్చుకుపోగలదు. పైకి సూదిగుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే వేలు, చేయి తొలగించాల్సిన పరిస్థితి రావచ్చు. కళ్లద్దాలు పెట్టుకోవాలి. వేడెక్కిన సైలెన్సర్ గొట్టంపై డీజిల్ పడితే మంటలు రేగే ప్రమాదం ఉంది. కామన్ రైల్ ఇంజిన్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది కనుక వాటి పైపులను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇలా వదులు చేయరాదు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీకి మించిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కామన్ రైల్ ఇంజిన్లు గ్రామాలకూ చేరాయి. వాటికి కంప్యూటర్ పరీక్షే మార్గం.

బేరింగు అయితే ఆలస్యం వద్దు

బేరింగు అని తేలితే ఆయిల్ దించి, ఫిల్టరు కోసి చూడాలి. మెరిసే రజను, రాగి రంగు తునకలు కనిపిస్తే బేరింగు పైపూత పోయినట్లే. ఈ దశలో ఆపితే చాలాసార్లు బేరింగు షెల్స్ మార్పుతో పని పూర్తవుతుంది. ఇంకా నడిపితే క్రాంక్ షాఫ్ట్‌పై గాట్లు పడతాయి. అప్పుడు దానిని విజయవాడ ఆటోనగర్ వంటి చోటికి పంపి గ్రైండింగ్ చేయించి, పావు, అర మిల్లీమీటరు చొప్పున మందం పెరిగిన షెల్స్ వేయించాలి. అదీ దాటితే రాడ్ విరిగి బ్లాక్‌ను పగలగొడుతుంది. ఇక ఇంజిన్ పనికిరాదు.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఖాళీగానా, బరువుతోనా? డీజిల్, ఆయిల్ ఎప్పుడు పోయించారు? మెకానిక్ వద్దకు వెళ్లేముందు యజమాని ఈ వివరాలు రాసి పెట్టుకోవాలి. నాజిల్ మార్చి చూసే పరీక్ష తన ఎదుటే చేయమని కోరాలి. దాని ఫలితం తెలిశాకే ఇంజిన్ విప్పేందుకు అంగీకరించాలి.